లారా క్రాఫ్ట్ ప్రాణం ఏ చిలకలో ఉంది?

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ శీర్షికకు మామూలుగా రకరకాల ఉత్తరాలు వస్తుంటాయి. ఈసారి నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల నుంచి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం ఒకే తగవు చుట్టూ తిరిగాయి. పాత సమాధుల్లో, శిథిలాల్లో పురావస్తువుల కోసం వెతికే లారా క్రాఫ్ట్ కథానాయికగా 1996లో మొదలైన టూంబ్ రైడర్ వీడియో గేమ్‌ల వరుసను, 2013లో ఇరవై ఒక్క ఏళ్ళ లారాతో, కొత్త కథతో మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. అలా ఎత్తుకోవడంలో ఆట ప్రాణం నిలిచిందా, పోయిందా అన్నదే తగవు. ఉత్తరాలను కొంత కుదించాం. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న (కావలి నుంచి ఒక పాఠకుడు): నేను 1998లో నెల్లూరులో ఇంటర్ చదువుతూ, ట్రంకు రోడ్డులోని ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో, సారు భోజనానికి వెళ్ళిన గంటలో మొదటి టూంబ్ రైడర్ ఆడినవాణ్ణి. నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడు 2013 నాటి ఆటతో మొదలుపెట్టాడు. కొత్త దానిలో ప్రాణం లేదని నేనంటే, "అన్నయ్యా, నువ్వు ప్రేమిస్తున్నది ఆ ఆటను కాదు, ఆ వయసును" అని వాడు నా నోరు మూయిస్తున్నాడు. ఆ రెండు పిస్తోళ్ళు, ఆ ఎకసెక్కెపు మాట, ఆ ఒంటరితనం తీసేశాక మిగిలినది లారా క్రాఫ్టేనా? సంక్రాంతికి ఇంటిల్లిపాదీ కూర్చుని విన్నా ఈ తగవు తీరలేదు. మీరైనా తీర్చండి.

జవాబు: మీ తమ్ముడి మాటను వెంటనే తోసిపుచ్చకండి, అందులో సగం నిజం ఉంది. విడిభాగాల కోసం చెన్నై రిచీ వీధికి వెళ్ళివచ్చిన వారెవరో సంచిలో వేసుకొచ్చిన సీడీ నుంచి, బొద్దు తెర మీద, వంతు కోసం వెనక నలుగురు నిలబడి ఉండగా ఆడిన ఆట ఏదైనా సరే, జీవితాంతం గొప్పదిగానే కనిపిస్తుంది. ఈ జవాబు రాస్తున్నవాడు కూడా ఆ నలుగురిలో ఒకడే కనుక, నా తీర్పులో ఆ వయసు తీపి కొంత కలిసి ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. అయితే మిగిలిన సగం వయసుది కాదు, ఆట కట్టుబడిది. దానిని విడదీసి చూడవచ్చు.

మన కథల్లో మాంత్రికుడి ప్రాణం అతని ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల, ఏ చెట్టు తొర్రలోనో ఉన్న చిలకలో ఉంటుంది. మీరు చెప్పిన పిస్తోళ్ళూ, ఎకసెక్కెమూ మాంత్రికుడి వేషమే గాని చిలక కావు. 2006లో వచ్చిన లెజెండ్ అనే ఆటలో ఆ రెండూ ఉన్నాయి. అయినా పాత అభిమానులలో చాలామంది అప్పుడు కూడా ఇదే గొణుగుడు గొణిగారు. ఒంటరితనం సంగతి వేరు, దానికి మళ్ళీ వస్తాను.

నాకు తెలిసినంతలో ఆ చిలక గడిలో ఉంది. 1996 నాటి ఆటను ఇంగ్లండులోని డెర్బీలో కోర్ డిజైన్ అనే సంస్థ తయారు చేసింది. లారాకు రూపమిచ్చినవాడు టోబీ గార్డ్. ఆ ప్రపంచాన్నంతా వాళ్ళు సమానమైన చదరపు గళ్ళతో కట్టారు. పెరూ గుహ అయినా, గ్రీకు మందిరమైనా, ఈజిప్టు సమాధి అయినా, పైన అతికించిన రాతిబొమ్మను తీసేస్తే కింద ఉండేది గళ్ళ కాగితమే. లారా కదలికలన్నీ ఆ గడికి సరిపోయేలా కొలిచి చేసినవి. నిలబడిన చోటి నుంచి దూకితే ఒక గడి దాటుతుంది. పరుగెత్తి దూకితే రెండు గళ్ళు దాటుతుంది. పరుగెత్తి దూకి, గాలిలో ఉండగా పట్టుకునే మీటను నొక్కి ఉంచితే, మూడు గళ్ళ అవతలి అంచు వేళ్ళకు చిక్కుతుంది. నడక మీట నొక్కి పెట్టి ముందుకు వెళితే ఆమె కింద పడకుండా అంచు మీద ఆగిపోతుంది, అక్కడి నుంచి వెనక్కి ఒక్క గెంతు గెంతితే పరుగుకు సరిగ్గా చాలినంత చోటు దొరుకుతుంది.

ఇది మనకు తెలియని ఆట కాదు. వీధిలో సుద్దముక్కతో గళ్ళు గీసుకుని ఆడే తొక్కుడు బిళ్ళ ఇదే. బిళ్ళ ఏ గడిలో పడిందో చూసుకుని, ఎన్ని గళ్ళు దాటాలో కంటితో కొలుచుకుని, ఒంటికాలి మీద గెంతాలి. గీత తొక్కితే ఆట పోయినట్లే. జాలిపడి మన కాలిని గడిలోకి జరిపేవారు ఎవరూ ఉండరు, అలా జరిపితే ఆడే పిల్లకే కోపం వస్తుంది. పాత టూంబ్ రైడర్‌లో అంచు మీద నిలబడి, అవతలి గట్టును చూస్తూ, "రెండా, మూడా" అని మనసులో లెక్కపెట్టుకున్న ఆ నాలుగు క్షణాలున్నాయే, ఆ ఆట అంతా వాటి కోసమే ఉంది. మిగిలిన తోడేళ్ళూ, ఎలుగుబంట్లూ, లోయలో ఉన్నట్టుండి ఎదురయ్యే రాక్షసబల్లీ ఆ క్షణాల మధ్య వచ్చిపోయే చుట్టాలు. దూకి చచ్చిపోతే తప్పు మనదేనని మనకు తెలిసేది. అవతలికి చేరితే ఆ గెలుపు కూడా పూర్తిగా మనదే అయ్యేది.

ఒంటరితనం అన్నారు. అందులో సగం పని చెవిదని నా అభిప్రాయం. నాథన్ మెక్‌క్రీ సమకూర్చిన సంగీతం ఆ ఆటలో ఎప్పుడో ఒకసారి గాని వినబడదు. తక్కిన సమయమంతా గుహలోని గాలి హోరు, ఆమె అడుగుల చప్పుడు, నీటి బొట్టు. అలాంటి నిశ్శబ్దంలో ఒక పెద్ద మండపంలోకి అడుగు పెట్టగానే నాలుగు స్వరాలు వినిపిస్తే వెన్ను జలదరించేది. వినిపించీ వినిపించనట్లు సంగీతాన్ని దాచిపెట్టడం వల్ల వచ్చిన బలం అది.

ఇక 2013 ఆటకు వద్దాం. తుఫానుకు ఓడ బద్దలై లారా యమతాయ్ అనే దీవిలో చిక్కుకుంటుంది. ఇక్కడ గడి లేదు. దూకే మీట నొక్కితే చాలు, ఆమె చేతులు దగ్గరలోని అంచును తామే వెతుక్కుంటాయి. కొంచెం గురి తప్పినా ఆట ఆమెను గాలిలోనే సర్దుతుంది. ఎక్కదగిన అంచులకు తెల్లటి పూత ఉంటుంది. అదీ చాలదంటే ఇంకొక మీట ఉంది. అది నొక్కగానే లోకమంతా రంగు వెలిసిపోయి, మనకు అవసరమైన వస్తువులు మాత్రం మెరుస్తాయి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టడమంటే ఇదే. చూడడానికి అద్భుతంగా ఉంటుంది, తినడానికి కష్టం లేదు, కాని ఒలిచే పని మనకు మిగల్చలేదు. పైగా సమాధుల పేరు పెట్టుకున్న ఆటలో సమాధులను ఏడు చిన్న గదులకు కుదించి, వెళ్ళినా వెళ్ళకపోయినా ఫరవాలేదని పక్కదారిలో పెట్టారు. నన్నడిగితే అసలు నేరం అది. పిస్తోళ్ళ స్థానంలో విల్లు ఇవ్వడం నేరమే కాదు, ఆ విల్లు నాకు నచ్చింది కూడా.

అంతమాత్రాన పాతది మచ్చలేనిదని అనుకోకండి. కెమెరా గోడలో ఇరుక్కునేది. ఒక మీట లాగితే ఎక్కడో రెండు మండపాల అవతల తలుపు తెరుచుకునేది, ఆ తలుపు ఏదో తెలియక అరగంట తిరిగేవాళ్ళం. ప్లేస్టేషన్ మీద ఆడినవారికి ఎక్కడబడితే అక్కడ ఆటను దాచుకునే (సేవ్ చేసుకునే) వీలు కూడా లేదు, నీలి స్ఫటికం కనిపించిన చోటనే దాచుకోవాలి. కొత్త ఆటలో తుపాకుల గోల ఎక్కువైందని మీ ఉత్తరంలో మరో చోట రాశారు. మొదటి ఆట విషయంలో ఆ మాట ఒప్పుతుంది, అందులో లారా కాల్చిన మనుషులను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కాని 1997లో వచ్చిన రెండవ భాగంలో వెనిస్ వీధులు మొదలుకొని సముద్రం మధ్యనున్న చమురు బావి వరకు ఆమె ఎందరిని కాల్చిందో గుర్తు చేసుకోండి. ఆ గోల కోర్ డిజైన్ వారే మొదలుపెట్టారు. కొత్తవారికి కూడా ఎత్తు విలువ తెలియకపోలేదు. 2013 ఆటలో లారా రేడియో స్తంభం పైకి ఎక్కే ఘట్టంలో, మనం చేసేది మీటను పైకి తోయడమొక్కటే అయినా, నా అరచేతులకు చెమట పట్టింది.

కనుక మీ ఇద్దరి తగవులో నా తీర్పు ఇది. ప్రాణం పోయిందన్న మాట నిజమే, పోయిన కారణం మాత్రం మీరు చెప్పినది కాదు.

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక అధ్యాపకురాలు): కొత్త లారా భయపడుతుంది, ఏడుస్తుంది, దెబ్బలు తిని మూలుగుతుంది. అందుకని అభిమానులు ఆమెను బలహీనురాలిని చేశారని కోపగిస్తున్నారు. మా అబ్బాయి పక్కన కూర్చుని చూసిన నాకు మాత్రం మొదటిసారి ఆమె మనిషిలా కనిపించింది. నాది పొరపాటా?

జవాబు: పొరపాటు కాదండి. పాత లారాకు ధైర్యం ఉందని అనడం కంటే, భయపడే అవసరమే ఆమెకు రాయలేదని అనడం సరైనది. ఆమె ఒక అందమైన కదిలే బొమ్మ. ఆ బొమ్మను ప్రకటనలలో కుర్రకారు కళ్ళ కోసం ఎలా వాడుకున్నారో అప్పటి పత్రికలు తిరగేసినవారికి తెలుసు. సృష్టించిన టోబీ గార్డే ఆ పాత్ర తన చేతిలో లేకుండా పోయిందన్న అసంతృప్తితో మొదటి ఆట తరువాత సంస్థను వదిలి వెళ్ళిపోయాడు. "మా లారా ఎంత హుందాగా ఉండేదో" అని ఇప్పుడు నిట్టూర్చేవారు ఈ సంగతిని మరిచిపోతుంటారు. 2013లో ప్రధాన రచయిత్రి రియానా ప్రాచెట్, లారాకు గొంతునూ కదలికలనూ ఇచ్చిన నటి కమిల్లా లడింగ్టన్ కలిసి ఆ బొమ్మకు ఊపిరి పోశారని నేను సంకోచం లేకుండా చెబుతాను.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. కథలో లారా మొదటిసారి ఒక మనిషిని చంపినప్పుడు వణికిపోతుంది, చేతిలోని తుపాకీని చూసి తానే అదిరిపోతుంది. మంచి ఘట్టం, మీ కళ్ళు చెమర్చి ఉంటాయి. ఆ తరువాత కొద్దిసేపటికే ఆట మన చేత పదుల కొద్దీ మనుషులను చంపించి, గురి బాగా కుదిరితే అదనపు అంకెలు కూడా ఇచ్చి మెచ్చుకుంటుంది. కథలోని అమ్మాయి ఒకరు, మన చేతిలోని అమ్మాయి మరొకరు. పగటివేషగాడు మీసం ఒక్కటి తీసి మరిచిపోయి గడ్డంతోనే ఆడవేషం కట్టినట్లు, ఆ అతుకు కనిపించాక మళ్ళీ కనిపించకుండా ఉండదు. ఆమె కన్నీళ్ళను తప్పుపట్టేవారు ఈ అతుకును తప్పుపడితే వారితో నేను కూడా గొంతు కలుపుతాను.

ప్రశ్న (గూడూరు): పాతది అంత బాగుంటే అసలు ఎందుకు మార్చినట్లు?

జవాబు: బాగున్న దానిని అరగదీశారు గనుక. 1996 నుంచి 2000 వరకు ఏడాదికి ఒకటి చొప్పున ఐదు ఆటలు తీశారు. ఏటా అదే మడిలో అదే పంట వేస్తే చివరికి ఏమవుతుందో మన జిల్లా రైతులకు చెప్పనక్కరలేదు. 2003లో వచ్చిన ఆరవ ఆట లోపాల పుట్టగా విడుదలై పేరు పోగొట్టుకుంది. దానితో ప్రచురణకర్తలైన ఐడోస్ వారు పనిని డెర్బీ నుంచి తప్పించి, అమెరికాలోని క్రిస్టల్ డైనమిక్స్‌కు అప్పగించారు. వారు 2006లో ఒకసారి, 2013లో మరొకసారి కథను కొత్తగా మొదలుపెట్టారు. అంటే మనం తగవులాడుతున్నది రెండవ పునర్జన్మ గురించి. ఈ మధ్యలో, 2009లో, ఐడోస్‌ను జపాను సంస్థ స్క్వేర్ ఎనిక్స్ కొనేసింది. 2013 ఆట మొదటి నాలుగు వారాల్లో 34 లక్షల ప్రతులు అమ్ముడైనా అనుకున్నంత అమ్మలేదని ఆ సంస్థ ప్రకటించింది. అంత అమ్మితే గాని సరిపోని ఖర్చుతో తీసిన ఆటలో, ఆడేవాడు ఎక్కడా దారి తప్పకూడదని, విసిగి మానేయకూడదని తయారీదారులు భయపడడంలో ఆశ్చర్యం లేదు. తెల్లటి పూత ఆ భయం నుంచే పుట్టిందని నా అనుమానం.

ప్రశ్న (వెంకటగిరి): మూడవ భాగం మన దేశంలోనే మొదలవుతుంది కదా. దానిని గురించి ఎవరూ మాట్లాడరెందుకు? పాతవాళ్ళు మన సంస్కృతిని కొత్తవాళ్ళ కంటే బాగా చూపించారని మా మామయ్య అంటారు.

జవాబు: మీ మామయ్యగారితో ఏకీభవించలేకపోతున్నాను. 1998 నాటి ఆ ఆటలో మొదటి నాలుగు అంకాలు భారతదేశంలోనివే: అడవి, గుడి శిథిలాలు, గంగానది, కాళియ గుహలు. ఆ అడవి పచ్చదనం, పులులు, కోతులు ఇప్పటికీ బాగుంటాయి. కాని గుడిలోని ఆరు చేతుల శివుడి విగ్రహాలు కత్తులు పట్టుకుని ప్రాణం పోసుకుని మీదికి వస్తాయి, వాటిని కాల్చి పడగొట్టాలి. అది మన గుళ్ళు చూసినవాడు రాసిన ముచ్చట కాదు. ఇక కాళియుడు ఉన్నది యమునా మడుగులో. కాళియమర్దనం కథ విన్న ఏ పిల్లవాడైనా చెప్పే సంగతి అది. ఆట తయారు చేసినవారు ఆయన పేరు పెట్టి గంగ పక్కన గుహలు కట్టారు.

మన పట్ల చిన్నచూపుతో చేశారని కూడా అనుకోనక్కరలేదు, వారు అందరినీ అలాగే కలగాపులగం చేశారు. మొదటి ఆటలో గ్రీసు దేశపు లోతైన కట్టడంలో నాలుగు గదులకు అట్లస్, డమోక్లీస్, నెప్ట్యూన్, థార్ అని పేర్లు పెట్టారు. థార్ ఉత్తర ఐరోపా వారి ఉరుముల దేవుడు, ఆయనకు గ్రీసులో ఏం పని? 2007లో ఆ ఆటనే మళ్ళీ తీసినప్పుడు క్రిస్టల్ డైనమిక్స్ వారు థార్‌ను తప్పించి గ్రీకుల కమ్మరి దేవుడైన హెఫైస్టస్‌ను పెట్టారు, రోమనుల నెప్ట్యూన్‌ను గ్రీకుల పొసైడన్‌గా మార్చారు. ఈ విషయంలో మాత్రం కొత్తవారే చదువుకుని వచ్చారు.

ప్రశ్న (పొదిలి నుంచి ఒక ఉద్యోగి): పొద్దున ఎనిమిదికి వెళ్ళి రాత్రి ఎనిమిదికి ఇంటికి వస్తాను. పిల్లలు పడుకున్నాక నాకు దొరికేది ఒక్క గంట. ఆ గంటలో దారి తెలియక గోడలకు తల కొట్టుకోవడం నా వల్ల కాదు. కొత్త ఆటలు దారి చూపిస్తున్నాయి గనుకనే నేను వాటిని పూర్తి చేయగలిగాను. దానిని ప్రాణం లేని ఆట అంటే, నన్ను ఆటగాణ్ణి కాదన్నట్లే కదా?

జవాబు: ఈ ఉత్తరం చదివాక కావలి పాఠకుడికి రాసిన జవాబును మళ్ళీ చదువుకున్నాను. అందులో ఒక్క వాక్యం కూడా మార్చబుద్ధి కాలేదు గాని, ఒక మాట చేర్చవలసి ఉంది.

ఉదయగిరి కోట ఎక్కి ఉంటారు. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కొండ అది. మేము కుర్రతనంలో ఎక్కినప్పుడు, ముళ్ళకంపల మధ్య ఏది బాట, ఏది మేకలు తొక్కిన జాడ తెలియక రెండుసార్లు వెనక్కి దిగి, మూడోసారి కూలిన బురుజు ఒకటి గుర్తు పెట్టుకుని పైకి చేరాం. పైన మసీదు గోడ నీడలో కూర్చుని తిన్న పులిహోర రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది. ఆ తరువాత కొన్నేళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దమ్మను తీసుకుని భైరవకోనకు వెళ్ళాం. కొండను తొలిచి చేసిన ఆ గుహాలయాల దగ్గరకు చక్కటి దారి ఉండబట్టే ఆమె చూడగలిగింది. అక్కడ బాట వేసినవాడిని తిట్టుకోవడానికి నాకు నోరు రాదు. అలాగని ఉదయగిరి కొండ మీద అడుగడుగునా బాణం గుర్తులు గీస్తానంటే మాత్రం ఒప్పుకోను.

రెండూ ఒకే ఆటలో కుదరవా అంటే, కుదురుతాయని ఈ వరుసలోని వారే చూపించారు. 2018లో ఐడోస్ మాంట్రియల్ ప్రధానంగా తయారు చేసిన షాడో ఆఫ్ ది టూంబ్ రైడర్‌లో పోరాటానికీ, అన్వేషణకూ, చిక్కుముడులకూ కష్టం ఎంత ఉండాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. మీరు మూడింటినీ తేలిక చేసుకుని మీ గంటను హాయిగా గడపవచ్చు. కావలి అన్నగారు పోరాటాన్ని తేలిక చేసుకుని, అన్వేషణను కఠినం చేసుకోవచ్చు, అప్పుడు దారి చూపే గుర్తులు తగ్గిపోతాయి. దూకినప్పుడు అంచు దానంతటదే చేతికి అందడం మాత్రం అందులో కూడా ఉంది, దానికి ఏ ఎంపికా లేదు. ఆ ఆటలోని సమాధులు 2013 నాటి గదుల కంటే ఎంతో పెద్దవి, వాటిలో నిలబడి తల పైకెత్తి చూసే అవసరం వస్తుంది. ప్రాణం పోయిందన్న నా మాటను ఈ మేరకు సవరించుకుంటున్నాను. పోయినది 2013లో, కొంత తిరిగి వచ్చినది ఆ తరువాత. మీరు ఆటగాడు కాదని నేనెక్కడా అనలేదు, అనను కూడా.

ప్రశ్న (కందుకూరు నుంచి ఒక తల్లి): మా బాబుకు పద్నాలుగేళ్ళు. 2013 ఆట కావాలని ఒకటే గొడవ. కొనివ్వవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దండి. ఆ ఆట అమెరికాలో 17 ఏళ్ళు, ఐరోపాలో 18 ఏళ్ళు నిండినవారికని ముద్ర వేసి అమ్మినది. కాలు జారితే లారా చనిపోయే తీరును చాలా దగ్గరగా, అవసరానికి మించి చూపిస్తారు, పెద్దవాణ్ణి అయిన నేనే ఒకటి రెండు చోట్ల ముఖం తిప్పుకున్నాను. 1996 నాటి మొదటి ఆటకు అమెరికాలో పదమూడేళ్ళు దాటినవారికన్న ముద్ర ఉంది. మొదటి మూడు ఆటలను కలిపి, బొమ్మలకు మెరుగు పెట్టి 2024 ఫిబ్రవరిలో మళ్ళీ విడుదల చేశారు. బాబు మొదట మూతి ముడుచుకుంటాడు. ఒక వారం ఓపిక పట్టండి.

ప్రశ్న (కావలి నుంచే, వేరే దస్తూరితో): మా అన్నయ్య మీకు ఉత్తరం రాశాడని ఇంట్లో తెలిసింది. ఆయన వైపు మాత్రమే వింటే న్యాయం కాదని నేను కూడా రాస్తున్నాను. నిజం చెప్పాలంటే, మీరు ఏ తీర్పు ఇస్తారోనన్న పట్టుదలతో 2024లో వచ్చిన ఆ పాత ఆటల కట్టను కొని, పది రోజులుగా ఆడుతున్నాను. ఒక మీట నొక్కితే పాత బొమ్మలు, మళ్ళీ నొక్కితే కొత్త బొమ్మలు వస్తున్నాయి, అది బాగుంది. పెరూ అయిపోయింది. గ్రీసులో ఆ నాలుగు గదుల నిలువు కట్టడం దగ్గర మూడు రోజులుగా కింద పడి చస్తున్నాను. అన్నయ్యను అడగడం నాకు ఇష్టం లేదు. ఆ దూరాలు ఎలా దాటాలి?

జవాబు: మొదట నియంత్రణల పట్టికలోకి వెళ్ళి, కొత్త పద్ధతిని మార్చి పాత పద్ధతిని పెట్టుకోండి. కొత్త పద్ధతి వేళ్ళకు అలవాటైనదే గాని, గడి కొలిచి దూకడానికి అది నప్పదు. ఆ తరువాత నడక మీటను నొక్కి ఉంచి అంచు దాకా వెళ్ళండి, ఆమె తనంతట తానే ఆగుతుంది. మీట వదిలి వెనక్కి ఒకే ఒక్క గెంతు గెంతండి. ఇప్పుడు ముందుకు పరుగెత్తిస్తూనే దూకే మీటను నొక్కి ఉంచండి, ఆమె సరిగ్గా అంచు మీద లేస్తుంది. అవతలి గట్టు మూడు గళ్ళ దూరంలో ఉందనిపిస్తే, గాలిలో ఉండగానే పట్టుకునే మీటను నొక్కి వదలకుండా ఉండండి. తొందరపడి రెండు గెంతులు వెనక్కి వెళితే అంచుకు ముందే లేచి బావిలో పడుతుంది, మీ మూడు రోజులూ ఎక్కువగా అక్కడే పోయి ఉంటాయి.

డమోక్లీస్ గది తలుపు తెరిచే ముందు ఆటను దాచుకోండి. లోపల పైకప్పుకు కత్తులు వేలాడుతుంటాయి. వాటి కింద ఎలా నడవాలో ఇక్కడ చెప్పను. పక్క గదిలో మీ అన్నయ్య ఉన్నారు.